ఊరి పొలిమేరలో స్పీడ్ హెచ్చరిక: ఫోన్ యాప్‌లు, రాడార్ డిటెక్టర్లు, కారులోని ఏర్పాట్లు ఎంతవరకు ఆదుకుంటాయి?

హైవే మీద గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారుకు చిన్న ఊరి మొదట్లో 50 బోర్డు ఎదురవుతుంది. బోర్డు దాటాక 150 మీటర్లకు, చెట్టు నీడలో, స్పీడ్ గన్ పట్టుకుని ఒక పోలీసు నిలబడి ఉంటాడు. వేగం మించితే హెచ్చరిస్తామని చెప్పే పరికరం ఏదైనా సరే, దాని సత్తా తేలేది ఈ 150 మీటర్లలోనే. ఖాళీ హైవే మీద అన్నీ బాగానే పనిచేస్తాయి, అక్కడ వాటి అవసరమూ తక్కువే. లిమిట్ ఒక్కసారిగా సగానికి దగ్గరగా పడిపోయే చోట ఏది ముందు మేలుకుంటుంది, ఏది ఆలస్యంగా మేలుకుంటుంది అన్నదే ఈ రివ్యూలో చూసింది.

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు సులువు. లిమిట్‌ను తెర మీద చూపించే సదుపాయాన్ని ప్రతి ఒక్కరూ ఆన్ చేసుకోవాలి. పోలీసులు ఎక్కడున్నారో చెప్పే సదుపాయాన్ని నమ్ముకుని బండి నడపకూడదు. పోలీసు రాడార్‌ను పసిగట్టి మోగే రాడార్ డిటెక్టర్ కొనక్కర్లేదు. కొత్త కార్లలో వస్తున్న ఆటోమేటిక్ హెచ్చరికను విసుగనిపించినా ఆపేయకుండా ఉంచుకోవాలి. అయితే వీటిలో ఏదీ పొలిమేర దగ్గర పూర్తిగా కాపాడదు. ఎందుకు కాపాడదో లెక్క వేసి చూస్తే, ఏ లిమిట్ న్యాయమైనదో ఏది ఉచ్చో కూడా అదే లెక్కలో బయటపడుతుంది.

ముందుగా లెక్క

గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. 50 అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. 90 నుంచి 50కి దిగడానికి ఎంత దూరం పడుతుందన్నది ఎలా తగ్గిస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసి, గేరులోనే ఉంచి, బండిని దానంతట అదే తగ్గనిస్తే సుమారు 360 మీటర్లు కావాలి. కూర్చున్నవాళ్లు ముందుకు తూలకుండా మెత్తగా బ్రేక్ వేస్తే దాదాపు 145 మీటర్లు. గట్టిగా తొక్కితే 70 మీటర్లలో పని అయిపోతుంది, కానీ వెనక దగ్గరగా వస్తున్న లారీకి ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు ఫోన్ సంగతి. మామూలు ఫోన్‌లో జీపీఎస్ సెకనుకు ఒకసారి కొత్త లెక్క ఇస్తుంది. అంకె ఎగిరెగిరి పడకుండా యాప్ దాన్ని కొంచెం సర్ది చూపిస్తుంది. ఈ రెండూ కలిసి ఒకటి రెండు సెకన్లు పోతాయి. హెచ్చరిక విని, తెర వైపు ఓరకంట చూసి, కాలు బ్రేక్ మీదికి తెచ్చేసరికి ఇంకో సెకనున్నర. మొత్తం మూడు సెకన్లు అనుకుంటే, బోర్డు దాటాక 75 మీటర్లు ఏమీ తగ్గకుండానే గడిచిపోయాయి. అక్కడి నుంచి మెత్తగా బ్రేక్ వేస్తే, పోలీసు నిలబడ్డ 150వ మీటరు దగ్గర కారు వేగం ఇంకా 72. యాప్ తప్పు చెప్పలేదు, డ్రైవర్ మొండికేయలేదు. అయినా 50 ఉన్నచోట 72 నమోదవుతుంది.

బోర్డు చూసి నడిపేవాళ్ల పరిస్థితి దీనికంటే మెరుగే కానీ, మరీ అంత మెరుగు కాదు. అమెరికాలో మామూలు రోడ్ల మీద పెట్టే స్పీడ్ లిమిట్ బోర్డు 24 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు ఉంటుంది. అందులో అంకె ఎత్తు 10 అంగుళాలు. అక్షరం ఒక్కో అంగుళం ఎత్తుకు 30 అడుగుల దూరం నుంచి చదవగలరన్నది అక్కడి ఇంజనీర్ల కొలమానం. అంటే 300 అడుగులు, మన లెక్కలో సుమారు 90 మీటర్ల దూరం నుంచి ఆ అంకె స్పష్టంగా కనిపిస్తుంది. కనిపించిన వెంటనే స్పందించి మెత్తగా బ్రేక్ వేసినా, బోర్డు పక్కకు వచ్చేసరికి వేగం 78 దగ్గర ఉంటుంది. అందుకే ఒక్క బోర్డుతో 90ని 50 చేయడం కుదిరే పని కాదు. ముందే ఇంకో బోర్డు ఉండాలి. అమెరికా ట్రాఫిక్ బోర్డుల జాతీయ ప్రమాణ గ్రంథం ఎంయూటీసీడీ కూడా ఇదే చెబుతుంది: లిమిట్ గంటకు 10 మైళ్ల కంటే ఎక్కువ తగ్గుతున్నప్పుడు, ముందున్న రోడ్డులో లిమిట్ తగ్గుతోందని చెప్పే పసుపు పచ్చ బోర్డు పెట్టాలి. ఆ పసుపు బోర్డు ఉన్న ఊరిలో ఫోన్ అవసరమే పెద్దగా రాదు.

గూగుల్ మ్యాప్స్, వేజ్

దారి చూపే ఈ రెండు యాప్‌లూ ఇప్పుడు ఒకే సంస్థవి. వేజ్‌ను గూగుల్ 2013లో కొన్నది. అయినా వేగం విషయంలో రెండింటి తీరు వేరు.

గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి, నావిగేషన్ విభాగంలో డ్రైవింగ్ ఆప్షన్ల కింద చూస్తే స్పీడోమీటర్, స్పీడ్ లిమిట్ అని రెండు స్విచ్‌లు ఉంటాయి. రెండూ ఆన్ చేయాలి, ఒకటి ఆన్ చేస్తే రెండోది దానంతటది రాదు. దారి చూపిస్తున్నప్పుడు కింది మూలలో మీ వేగం, దాని పక్కన లిమిట్ కనిపిస్తాయి. లిమిట్ దాటితే అంకె రంగు మారుతుంది. ఇక్కడే దాని ప్రధాన లోపం ఉంది. హెచ్చరికంతా కంటికే. తెర వైపు చూడని మనిషికి రంగు మారిన సంగతి తెలియదు, రోడ్డు మీద కళ్లు పెట్టి నడిపే మంచి డ్రైవర్‌కే ఇది అందరికంటే ఆలస్యంగా తెలుస్తుంది.

వేజ్ ఈ విషయంలో మేలు. సెట్టింగ్స్‌లో స్పీడోమీటర్ అనే భాగం విడిగా ఉంది. లిమిట్‌ను ఎప్పుడూ చూపించాలా, మించినప్పుడే చూపించాలా అని అడుగుతుంది. ఎప్పుడూ చూపించమనండి. మించినప్పుడే చూపించమంటే పొలిమేరలో వేగం మించాకే ఆ అంకె బయటికి వస్తుంది, అప్పటికే ఆలస్యం. హెచ్చరిక ఎప్పుడు రావాలన్న చోట లిమిట్ దగ్గరే, లేదా ఇంత మించాక, లేదా ఇంత శాతం మించాక అన్న ఎంపికలున్నాయి. చాలామంది పది మించాక అని పెట్టుకుంటారు, ఆ మాత్రం ఎవరూ పట్టించుకోరులే అన్న ధీమాతో. పొలిమేర లెక్కలో ఈ ధీమా నష్టం చేస్తుంది. వేగం క్రమంగా దిగుతున్నప్పుడు 60 దాటి కిందికి రాగానే హెచ్చరిక ఆగిపోతుంది. లిమిట్‌లోకి వచ్చేశామనుకుని కాలు బ్రేక్ మీద నుంచి తీసేస్తారు. లిమిట్ దగ్గరే అన్నది ఎంచుకుని, శబ్దం ఆన్ చేసుకుంటే ఈ పొరపాటు జరగదు.

రెండింటికీ కలిసిన లోపం ఒకటుంది: మ్యాప్‌లో రోడ్డు ముక్క మారాకే లిమిట్ మారుతుంది. అంటే బోర్డు దాటాకే. ఆ ముక్క హద్దు సరిగ్గా బోర్డు దగ్గరే ఉంటుందన్న హామీ కూడా లేదు. బోర్డును పాత చోటు నుంచి 100 మీటర్లు ముందుకు జరిపితే మ్యాప్‌లో ఆ మార్పు ఎప్పుడు వస్తుందో చెప్పలేం. వాలంటీర్లు తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో నడిచే ఓస్మ్‌ఆండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లదీ ఇదే కథ. అక్కడ ప్రతి రోడ్డు ముక్కకు లిమిట్ అంకెను ఎవరో ఒక వాలంటీర్ నమోదు చేసి ఉండాలి. ఎవరూ చేయని చోట తెర ఖాళీగా ఉంటుంది. తప్పు అంకె చూపించడం కంటే ఖాళీగా ఉండటమే మంచిది. అంకె లేకపోతే డ్రైవర్ బోర్డు కోసం వెతుకుతాడు, అంకె కనిపిస్తే దాన్నే నమ్ముతాడు.

ఎక్కడెక్కడ తప్పు చూపిస్తాయో తెలిసి ఉంటే సగం ప్రమాదం తప్పినట్టే. హైవేకు ఆనుకుని సర్వీస్ రోడ్డు ఉన్నప్పుడు, ఫ్లైఓవర్ కింద రోడ్డు ఉన్నప్పుడు ఫోన్ ఒక రోడ్డు మీద ఉన్నవాణ్ణి ఇంకో రోడ్డుకు అతికిస్తుంది. తెరచాటు లేని ఆకాశం కింద కూడా ఫోన్ జీపీఎస్ చోటు ఐదు మీటర్ల దాకా అటూ ఇటూ అవుతుంది, రెండు రోడ్ల మధ్య దూరం ఒక్కోచోట అంతకంటే తక్కువ. స్కూలు వేళల్లో మాత్రమే అమలయ్యే లిమిట్, వానలో మాత్రమే వర్తించే లిమిట్, రోడ్డు పనుల కోసం నాలుగు రోజులు పెట్టే తాత్కాలిక లిమిట్ - వీటిని మ్యాప్ నుంచి ఆశించొద్దు. టన్నెల్‌లో వేగం అంకెను అసలు లెక్కలోకి తీసుకోవద్దు.

మీటర్ ఒకటి, ఫోన్ ఒకటి చెబితే

ఎక్కువమంది అడిగేది ఇదే. కారు మీటర్ 54 చూపిస్తుంటే ఫోన్ 50 చూపిస్తుంది. ఏది నిజం?

స్థిరమైన వేగంతో, తిన్నని రోడ్డు మీద, ఆకాశం తెరిచి ఉంటే ఫోన్ అంకే నిజానికి దగ్గర. కారు మీటర్ కావాలనే ఎక్కువ చూపిస్తుంది. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 39వ వాహన నియమం ప్రకారం మీటర్ అసలు వేగం కంటే తక్కువ ఎన్నడూ చూపకూడదు. ఎక్కువ చూపవచ్చు, అసలు వేగంలో పదో వంతుకు 4 కలిపినంత వరకు. అసలు వేగం 50 అయితే మీటర్ 59 దాకా చూపినా నియమం తప్పినట్టు కాదు. 90 అయితే 103 దాకా. కంపెనీలు ఇంత తేడా ఉంచవు, కానీ రెండు మూడు శాతం ఎక్కువ చూపడం మామూలే. టైర్లు అరిగితే ఇంకొంచెం పెరుగుతుంది. కొత్త టైరు గాడి లోతు 8 మిల్లీమీటర్లు, అరిగిపోయిన టైరుది 1.6 అనుకుంటే చక్రం వ్యాసార్థంలో దాదాపు రెండు శాతం తగ్గినట్టు. చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటర్ దాన్ని వేగంగా లెక్కిస్తుంది. కంపెనీ ఇచ్చిన సైజు కంటే పెద్ద టైర్లు వేయించుకుంటే మాత్రం జాగ్రత్త, మీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపే ప్రమాదం అక్కడే ఉంది.

వేగం మారుతున్నప్పుడు ఈ సమాధానం తిరగబడుతుంది. బ్రేక్ వేస్తున్నప్పుడు ఫోన్ ఒకటి రెండు సెకన్లు వెనకబడి ఉంటుంది, అప్పుడు మీటరే నమ్మదగినది. అందుకే పొలిమేరలో చూడాల్సింది మీటర్, ఊరి లోపల స్థిరంగా వెళ్తున్నప్పుడు ఫోన్.

రాడార్ డిటెక్టర్: ఎందుకు వద్దు

డిటెక్టర్ ఎంత ఖరీదైనదైనా, అది వినేది తన వైపు వచ్చే తరంగాలనే. పోలీసు రాడార్లు సాధారణంగా మూడు ఫ్రీక్వెన్సీ పట్టీల్లో (బ్యాండ్‌లలో) పనిచేస్తాయి: 10.525 గిగాహెర్ట్జ్ దగ్గర ఎక్స్, 24.150 దగ్గర కే, 33.4 నుంచి 36 మధ్య కేఏ. కే పట్టీ దగ్గరే పక్కన వచ్చే బండి గురించి పక్క అద్దంలో హెచ్చరించే పాత కార్ల రాడార్లు, దుకాణాల ఆటోమేటిక్ తలుపులు కూడా ఉంటాయి. ఊరి మొదట్లో సూపర్ మార్కెట్ ఉంటే డిటెక్టర్ ప్రతిరోజూ అరుస్తుంది. పది అబద్ధపు అరుపులు విన్న మనిషి పదకొండోదాన్ని పట్టించుకోడు.

పోలీసు గన్‌ను ఆపి ఉంచి, కారు దగ్గరికొచ్చాక ఒక్క క్షణం ఆన్ చేస్తే డిటెక్టర్‌కు ముందస్తు వినికిడి ఉండదు. లేజర్ గన్ అయితే మరీ. అది 905 నానోమీటర్ల పరారుణ కాంతిని సన్నటి పుంజంగా వదులుతుంది. 300 మీటర్ల దూరంలో ఆ పుంజం వెడల్పు మీటరుకు అటూ ఇటూ మాత్రమే. అరసెకను కంటే తక్కువలో కొలత అయిపోతుంది. డిటెక్టర్ మోగిందంటే మీ వేగం అప్పటికే వాళ్ల తెర మీద ఉందన్నమాట.

చట్టం సంగతి చూసుకున్నా వద్దనే చెప్పాలి. అమెరికాలో వర్జీనియా, వాషింగ్టన్ డీసీల్లో డిటెక్టర్ నిషేధం. ఫ్రాన్స్‌లో, స్విట్జర్లాండ్‌లో నిషేధం. జర్మనీలో డ్రైవర్ నడుపుతుండగా స్పీడ్ కెమెరాల చోటు చూపించే ఫోన్ యాప్ వాడటం కూడా నిషేధమే. ఫ్రాన్స్ మధ్యేమార్గం ఒకటి కనిపెట్టింది, అది బాగుంది. యాప్‌లు కెమెరా ఉన్న చోటు చెప్పకూడదు, ప్రమాదకర ప్రాంతం అని మాత్రం చెప్పవచ్చు. ఆ ప్రాంతం ఊళ్లలో 300 మీటర్లు, ఊరి బయట రెండు కిలోమీటర్లు, మోటార్‌వేల మీద నాలుగు. అంత పొడవునా వేగం తగ్గించి వెళ్లాల్సిందే, ఒక్క స్తంభం దగ్గర తగ్గించి మళ్లీ తొక్కడానికి వీలు లేదు.

వేజ్‌లో తోటి డ్రైవర్లు నమోదు చేసే పోలీసు గుర్తులకూ ఇదే అభ్యంతరం. ఇరవై నిమిషాల కిందట ఎవరో పెట్టిన గుర్తు ఇప్పుడు నిజమో కాదో తెలియదు. వాహనాలు తక్కువ తిరిగే చిన్న ఊరి రోడ్డు మీద గుర్తు పెట్టేవాళ్లూ, ఇంకా ఉన్నాడని నిర్ధారించేవాళ్లూ తక్కువే. గుర్తు లేకపోవడాన్ని పోలీసు లేకపోవడంగా తీసుకుంటే మోసపోతారు. అంతకంటే పెద్ద నష్టం, దృష్టి పోలీసు మీదికి మళ్లి రోడ్డు దాటే మనిషి మీద నుంచి పోవడం.

కొత్త కార్లలో ఐఎస్ఏ

యూరోపియన్ యూనియన్ 2019/2144 నియంత్రణ ప్రకారం 2022 జూలై నుంచి కొత్త మోడళ్లకు, 2024 జూలై నుంచి అక్కడ అమ్మే కొత్త కార్లన్నింటికీ వేగ సహాయక వ్యవస్థ (ఇంటెలిజెంట్ స్పీడ్ అసిస్టెన్స్, ఐఎస్ఏ) తప్పనిసరి. ముందు అద్దం వెనక ఉన్న కెమెరా బోర్డులను చదువుతుంది, మ్యాప్ సమాచారంతో సరిచూసుకుంటుంది, లిమిట్ మించితే మోగుతుంది, లేదా పెడల్‌ను వణికిస్తుంది, లేదా పైకి నెడుతుంది. డ్రైవర్ గట్టిగా తొక్కితే దాన్ని దాటి వెళ్లవచ్చు. ఆపేయవచ్చు కూడా, కానీ కారు మళ్లీ స్టార్ట్ చేయగానే తిరిగి ఆన్ అవుతుంది.

ఫోన్ కంటే ఇది మేలు, కారణం స్పష్టం: బోర్డును కళ్లతో చూస్తుంది కాబట్టి కొత్తగా పెట్టిన బోర్డు, రోడ్డు పనుల బోర్డు దానికి తెలుస్తాయి. లోపాలూ కళ్లవే. పక్కకు దిగిపోయే ర్యాంప్ బోర్డును ప్రధాన రోడ్డుదనుకుంటుంది. లారీ వెనక అంటించిన 80 స్టిక్కర్‌ను లిమిట్‌గా చదువుతుంది. కొమ్మలు కప్పేసిన బోర్డు మనకు కనిపించనట్టే దానికీ కనిపించదు. ఇంకో చిక్కు ఉంది. ఫ్రాన్స్, జర్మనీల్లో ఊరి పేరు రాసిన బోర్డే లిమిట్ బోర్డు. దాని మీద 50 అన్న అంకె ఉండదు, ఊరి పేరు కనిపించిందంటే 50 మొదలైనట్టే. అలాంటి చోట కెమెరా అంకె కోసం కాక బోర్డు ఆకారాన్నే గుర్తుపట్టాలి, లేదంటే మ్యాప్ మీద ఆధారపడాలి.

పొలిమేర పరీక్షలో నిజంగా నెగ్గేది మ్యాప్‌ను ముందుకు చూసే క్రూయిజ్ కంట్రోల్ (వేగాన్ని కారే చూసుకునే ఏర్పాటు) ఉన్న కార్లే. రాబోయే లిమిట్ తెలుసుకుని బోర్డు రాకముందే వేగం దించడం మొదలుపెడతాయి. మ్యాప్ సరైనదైతే బోర్డు దగ్గరికి వచ్చేసరికి పని పూర్తవుతుంది. కారు కొనేటప్పుడు ఈ ఒక్క విషయం అడిగి తెలుసుకోండి: లిమిట్ మార్పుకు ముందు తగ్గిస్తుందా, మారాక తగ్గిస్తుందా?

లిమిట్ న్యాయమా, ఉచ్చా

ఏ పరికరమూ చెప్పని సంగతి ఇది, కానీ వాడేవాళ్ల మనసులో ఉండేది ఇదే. ఈ ఊళ్లో 50 ఎందుకు? డబ్బు కోసమా?

మొదట లిమిట్ పక్షాన చెప్పాల్సింది చెప్పాలి. అమెరికాలో రోడ్డు భద్రత మీద పరిశోధించే ఏఏఏ ఫౌండేషన్ 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కారు ఢీకొన్న పాదచారి చనిపోయే ప్రమాదం సగటున గంటకు 23 మైళ్ల దగ్గర 10 శాతం, 32 దగ్గర 25 శాతం, 42 దగ్గర 50 శాతం, 50 దగ్గర 75 శాతం. మన కొలతల్లోకి మారిస్తే 37, 51, 68, 80 కిలోమీటర్లు. పైన లెక్క వేసిన కారు బోర్డు దాటి 150 మీటర్ల లోపలికి వచ్చేసరికి 72లో ఉంది. అక్కడ బస్సు దిగి రోడ్డు దాటే మనిషికి బతికే అవకాశం సగం కంటే తక్కువ. ఊళ్లో ఇళ్లు రోడ్డును ఆనుకుని ఉంటే 50 ఎక్కువే తప్ప తక్కువ కాదు.

ఇంజనీర్లు చాలాకాలం ఇంకో కొలమానం వాడారు. ఏ అడ్డూ లేనప్పుడు వందలో 85 మంది ఏ వేగంలోపు నడుపుతారో దానికి దగ్గరగా లిమిట్ పెట్టడం. ఎక్కువమంది డ్రైవర్ల అంచనా సరిగ్గానే ఉంటుందన్న నమ్మకం దాని వెనక ఉంది. ఖాళీ హైవేకు అది సరిపోతుంది. ఊరి నడిబొడ్డుకు సరిపోదు, ఎందుకంటే ఆ 85 మందిలో రోడ్డు దాటే ముసలామె లేదు. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2017లో ఇదే విషయాన్ని ఎత్తిచూపింది. 2023లో వచ్చిన ఎంయూటీసీడీ కొత్త కూర్పు ఆ 85వ శాతం వేగాన్ని పరిశీలించాల్సిన అనేక అంశాల్లో ఒకటిగా ఉంచింది.

కాబట్టి అన్యాయం సాధారణంగా అంకెలో ఉండదు. అంకె ఎలా మారుతుందన్నదాంట్లో, మారిన ఎంతసేపటికి కొలుస్తున్నారన్నదాంట్లో, కొలిచిన డబ్బు ఎవరికి పోతుందన్నదాంట్లో ఉంటుంది.

మిస్సోరీ రాష్ట్రంలోని మ్యాక్స్ క్రీక్ ఇందుకు తెలిసిన ఉదాహరణ. హైవే 54 మీద వచ్చేపోయే బండ్ల జరిమానాలతోనే ఊరి పాలన నడిచేది. 1995లో రాష్ట్రం చట్టం చేసింది, ఊరి ఆదాయంలో ట్రాఫిక్ జరిమానాలు 45 శాతం మించకూడదని. తర్వాత కొన్నేళ్లకే ఆ ఊరు దివాలా తీసింది. ఫ్లోరిడాలోని హాంప్టన్ జనాభా ఐదొందల లోపు. అది హైవే 301 మీద సుమారు 1,260 అడుగుల ముక్కను తన సరిహద్దులో కలుపుకుంది, ఆ ముక్క మీదే రాడార్ పెట్టింది. 2014లో రాష్ట్ర ఆడిట్ తర్వాత ఊరి ఉనికికే ముప్పు వచ్చింది, హైవే ముక్కను వదులుకుంటే గానీ నిలబడలేదు. అదే హైవే మీద ఉన్న వాల్డోలో టికెట్ల కోటాల ఆరోపణల తర్వాత 2014లోనే పోలీసు శాఖను రద్దు చేశారు. ఒహాయోలో 60 మంది జనాభా ఉన్న న్యూ రోమ్ గ్రామాన్నయితే 2004లో కోర్టే రద్దు చేసింది.

చట్టాల్లో మెచ్చుకోదగినది జార్జియా రాష్ట్రానిది. స్థానిక పోలీసులు ఊరి లోపల లిమిట్ తగ్గిన చోటు నుంచి 300 అడుగుల్లోపు, ఊరి బయట అయితే 600 అడుగుల్లోపు పరికరంతో కొలిచిన వేగం సాక్ష్యంగా చెల్లదు. పోలీసు వాహనం 500 అడుగుల దూరం నుంచి కనిపించాలి. 600 అడుగులంటే 183 మీటర్లు, మన మెత్తటి బ్రేక్ లెక్కకు దాదాపు సరిపోతుంది. 300 అడుగులంటే 91 మీటర్లు, అది సరిపోదు. కాలిఫోర్నియా ఇంకో కోణం నుంచి పట్టుకుంది. అక్కడ చాలా రోడ్ల మీద లిమిట్‌ను సమర్థించే ఇంజనీరింగ్ సర్వే మామూలుగా ఐదేళ్ల లోపలిదై ఉండాలి. లేకపోతే రాడార్‌తో పట్టుకోవడాన్ని చట్టమే స్పీడ్ ట్రాప్ అంటుంది, ఆ సాక్ష్యం చెల్లదు. జర్మనీలోని బవేరియాలో బోర్డుకు 200 మీటర్ల తర్వాతే కొలవాలన్నది సాధారణ మార్గదర్శకం. ఈ మూడింట్లో దూరాన్ని నిర్ణయించడమే డ్రైవర్‌కు ఎక్కువ ఉపయోగం, టేపు పెట్టి ఎవరైనా కొలవగలరు కాబట్టి.

పట్టుకున్నాక, కొలత మీద అనుమానం ఉంటే

అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ పరికరంతో కొలిచారన్నది. రాడార్ పుంజం వెడల్పు. 12 డిగ్రీల పుంజం 300 మీటర్ల దూరంలో 60 మీటర్లకు పైగా పరచుకుంటుంది. అందులో మూడు బండ్లు ఉంటే ఏ బండి వేగం అన్నది పోలీసు కంటి అంచనా మీద ఆధారపడి ఉంటుంది. రోడ్డు పక్క నుంచి కోణంలో కొలిస్తే నిలబడ్డ రాడార్ వేగాన్ని తక్కువే చూపిస్తుంది, పది డిగ్రీల కోణానికి ఒకటిన్నర శాతం. కాబట్టి కోణం తప్పు అన్న వాదన అక్కడ మీకు ఉపయోగపడదు. కదులుతున్న పోలీసు కారులోంచి కొలిచినప్పుడు మాత్రం సంగతి వేరు: తన వేగాన్ని రాడార్ తక్కువగా లెక్కిస్తే, ఎదురొచ్చే మీ వేగాన్ని ఎక్కువగా చూపిస్తుంది. లేజర్‌లో చూడాల్సింది చేతి కదలిక. పుంజం కారు ముందు భాగం నుంచి పక్కకు జారితే కొలత చెడుతుంది. పరికరాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు, ఆ రికార్డు ఉందా అన్నది తర్వాతి ప్రశ్న.

మీ వైపు నుంచి పనికొచ్చేది ఫోన్ స్క్రీన్‌షాట్ కాదు. జీపీఎస్ ఉన్న డాష్‌క్యామ్ వీడియో. అందులో బోర్డు దాటిన క్షణం, ఆ క్షణం వేగం, ఆపిన చోటు మూడూ ఒకే సమయ రేఖ మీద ఉంటాయి. వీలైతే అదే రోజు పగటి వెలుగులో బోర్డు ఫోటోలు తీయండి: డ్రైవర్ కూర్చునే ఎత్తు నుంచి, 90 మీటర్ల దూరంలో ఒకటి, 50 మీటర్ల దూరంలో ఒకటి. కొమ్మ అడ్డం ఉంటే అది ఆ ఫోటోలోనే తేలుతుంది, వారం ఆగితే ఎవరో ఆ కొమ్మ నరికేస్తారు. బోర్డుకూ కొలిచిన చోటుకూ మధ్య దూరం రాసుకోండి. ముందు పసుపు బోర్డు ఉందో లేదో రాసుకోండి.

మ్యాప్‌లో లిమిట్ తప్పుగా ఉంటే సరిచేయించడం అన్నింటికంటే తేలిక. వేజ్‌లో మ్యాప్ ఎడిటర్ ద్వారా, గూగుల్‌లో ఫీడ్‌బ్యాక్ ద్వారా, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఖాతా తెరిచి నేరుగా. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేసేటప్పుడు రోడ్డు ముక్కను బోర్డు ఉన్న బిందువు దగ్గర విడగొట్టి, తర్వాతి ముక్కకు కొత్త లిమిట్ ఇవ్వాలి. విడగొట్టకుండా మొత్తం రోడ్డుకు 50 ఇస్తే ఊరి బయట మూడు కిలోమీటర్లు కూడా 50 అయిపోతుంది. రెండు దిశల్లో బోర్డులు వేర్వేరు చోట్ల ఉంటే దిశను బట్టి విడిగా నమోదు చేయాలి. మార్పు వివరణలో బోర్డు ఫోటో లింకు ఇస్తే తర్వాత వచ్చే వాలంటీర్ మీ మార్పును తిరగరాసే అవకాశం తగ్గుతుంది.